ఇంటిపెద్ద స్మరణము : కడప, కర్నూలు సీమల శోకోక్తులు

కరుణరసమునకు శోకము స్థాయి యనుటలో ఆలంకారికులకు అభిప్రాయభేదము లేదు. భేదమెల్ల ఆ శోకమునకు తోడై వచ్చు భావములను లెక్కించుటలో నున్నది. నాట్యశాస్త్రము 6వ అధ్యాయమున భరతముని కరుణమును నిరూపించుచు కన్నీరు, పరిదేవనము, నోరెండుట, వన్నె దప్పుట, ఒడలు సడలుట, నిట్టూర్పు, స్మృతిలోపము మొదలగువానిని అనుభావములుగ జెప్పెను. పిమ్మట నిర్వేదము, గ్లాని, చింత, ఔత్సుక్యము, ఆవేగము, మోహము అనుచు వ్యభిచారిభావములను పెద్ద పట్టికగ నిచ్చెను. ఆ పట్టికలో స్మృతి లేదు. ముప్పదిమూడు వ్యభిచారులలో స్మృతి నొకదానినిగ ఆయనయే వేఱొకచోట లక్షించెను. అయినను కరుణమున దానికి చోటీయక దాని లోపమునకు మాత్రము చోటిచ్చెను. 14వ శతాబ్దివాడగు విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణము 3వ పరిచ్ఛేదమున ఇదే రసమును చెప్పుచు నిర్వేదము, మోహము, అపస్మారము మున్నగువాని నడుమ స్మృతిని చేర్చెను. మృతునికై దుఃఖించువాడు జ్ఞప్తి దప్పినవాడా, జ్ఞప్తి నిండినవాడా? తరగతిలో పాఠము చెప్పునపుడు దీనిని చిన్న లక్షణభేదముగ నెంచి దాటిపోవుట సులభము. కాని కడప, కర్నూలు సీమల పల్లెలలో ఇంటిపెద్ద కాలము చేసిన దినమున ఆ వాకిట కొంతసేపు నిలుచుండినవారికి ఈ ప్రశ్నకు శాస్త్రగ్రంథముల వెలుపలి నుండి యొక సమాధానము వినబడును.

ఇచట కర్నూలు అనగా 2022కు పూర్వపు జిల్లా. ఆ యేటి ఏప్రిల్ నెలలో జరిగిన విభజనమున కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ, బేతంచెర్ల, శ్రీశైలము నంద్యాల జిల్లాలో చేరినవి. మాటతీరును, ఏడుపుతీరును జిల్లా హద్దులను బట్టి మారునవి కావు.

ఆ సీమలో మృతుని చుట్టు కూర్చుండి స్త్రీలు చేయు పరిదేవనమును ‘శోకాలు పెట్టుట’ యనియు, ‘రాగం తీసి ఏడ్చుట’ యనియు అందురు. రెండవ మాటను వెక్కిరింపుగ వాడుటయు కలదు. పట్టణమున చదువుకొని వచ్చిన మనుమడు అవ్వ రాగము తీయుట చూచి సిగ్గుపడి పక్కకు పోవుట అరుదు కాదు. పైకి అది అదుపు లేని యేడుపుగనే వినబడును. కొంత చెవి యొగ్గినచో దానికొక కట్టడి యున్నదని తెలియును. ఒక్కొక్క ఉక్తి ఒక్కొక్క ఊపిరికి సరిపోవును. స్వరము పైనెత్తున ఆరంభమై మెట్టుమెట్టుగ దిగి, కడపటి అచ్చును దీర్ఘముగ సాగదీసి, వెక్కుతో తెగును. ఆ వెక్కుతోడనే తరువాతి ఉక్తికి ఊపిరి అందును. తాళము లేదు, ఛందస్సు లేదు. అయినను ఒకదాని వెంట నొకటి వచ్చు ఉక్తులు ఇంచుమించు ఒకే పొడవున నుండును. ప్రతి ఉక్తిలోను ముందు ఒక పిలుపు, నడుమ ఒక జ్ఞాపకము, చివర ఒక ప్రశ్న. ఈ మూటిలో ప్రశ్నను లోపింపజేయవచ్చును, జ్ఞాపకమును మాత్రము లోపింపజేయరు.

పిలుపులు బంధుత్వమును బట్టి మారును. కూతురు ‘నాయనా’ యని, కోడలు ‘మామా’ యని, చెల్లెలు ‘అన్నా’ యని, మనుమరాలు ‘అబ్బా’ యనియో ‘జేజినాయనా’ యనియో పిలుచును. భార్య మాత్రము పేరెత్తదు. బ్రదికియున్నపుడు ఎత్తని పేరును శవము ముందర నెత్తుట ఆచారము కాదు. ‘సామీ’, ‘నా మారాజా’, ‘నా ఇంటి నిట్టాడా’ యనునవి ఆమె పిలుపులు. నిట్టాడు అనగా కొట్టమునకు నడుమ పాతి దూలమును మోయించు కంబము. మిద్దె యిండ్లు వచ్చి నిట్టాళ్ళు కనుమరుగైన పల్లెలలో సైతము శోకమున ఆ మాట నిలిచియున్నది.

జ్ఞాపకమున వచ్చు క్రియారూపము గమనింపదగినది. అది మధ్యమపురుష భూతకాలము. ‘తెస్తివే’, ‘ఇస్తివే’, ‘కూచోబెడితివే’, ‘పోతివే’. కోస్తా జిల్లాలలో తెచ్చావు, ఇచ్చావు, పోయావు అని మాఱిన ఈ రూపములు కావ్యభాషలోని తెచ్చితివి, ఇచ్చితివి, పోయితివి అనువానికి మిక్కిలి దగ్గరివి. చిన్నయసూరి వ్యాకరణమును బోధించువారు ఈ సీమ విద్యార్థులకు ఆ రూపములను క్రొత్తగ నేర్పవలసిన పని లేదు. వారి అవ్వలు దినదినము పలుకునవే యవి. ఐతే ఇక్కడి విశేషము వ్యాకరణము కంటె పెద్దది. మృతుని గూర్చి మాటలాడుట కాదు, మృతునితో మాటలాడుట జరుగుచున్నది. ‘ఆయన మంచివాడు’ అని శోకమున ఎవ్వరును అనరు. ఆ మాట వాకిట కట్టమీద కూర్చున్న మగవారు అందురు. లోపలివారు ‘సంతకు పోయి పైగుడ్డలో బొరుగులు మూటగట్టుకొని తెస్తివే’ యందురు. మంచితనము అందులోనే యున్నది.

ఇట్టి జ్ఞాపకములు ఏవి? ఆ సీమ జీవనమే వానిని నిర్ణయించుచున్నది. కె.సి. కాలువ క్రింది పల్లెలను విడిచినచో తక్కిన చోట్ల చాలవఱకు వానచేలే. సాలుసరి వాన సుమారు 700 మిల్లీమీటర్ల పరిసరముననే యుండును; అదియును వేళకు రాదు. 1876-78 నాటి మహాక్షామము నుండి నిన్నమొన్నటి ఎండుకాలముల వఱకు ఇక్కడి ఇంటిపెద్ద చేసిన ప్రధానకార్యము ఇల్లు చెదరకుండ నిలుపుట. కావున శోకమున వచ్చునవి మడక, గుంటక, గొర్రు, కపిలబావి, వామి, కల్లము, గాదె. విత్తునపుడు మగవాడు ఎద్దులను తోలుచు గొర్రు నడపగా, వెనుక నడచు ఆడుది జడ్డిగమున గింజలు పోయును. భార్య శోకమున ఈ నడక తప్పక వచ్చును. ముందు నడచినవాడు చాలు మధ్యలో నిలిపి పోయెననియు, ఒడిలో గింజలు మిగిలియున్నవనియు ఆమె పలుకును. ఇది అలంకారముగ కల్పించినది కాదు. ఏటేట ఇద్దరును కలిసి చేసిన పని యది. కూతురి జ్ఞాపకములు వేఱు. తిరునాళ్ళలో భుజముపై మోసినది, మెట్టినింటికి పంపునపుడు బండివెంట ఊరి పొలిమేర వఱకు నడచినది, కాన్పునకు వచ్చినపుడు ఆవును కొని కట్టివేసినది. కోడలి ఉక్తులు కొంచెము పొడిగ నుండును. అయినను మామ తన వైపు పలికిన సందర్భ మొక్కటి యున్నను దానిని విడువదు.

కూతురి రాకను గూర్చి విడిగ చెప్పవలసియున్నది. చావువార్తను ఆమెకు నేరుగ చెప్పరు. ‘నాయనకు బాగలేదు, బయలుదేరి రమ్మన్నారు’ అని మాత్రము కబురంపుదురు. ఆమె బస్సు దిగి వీథి మొగన వాకిట జనమును చూచి గ్రహించును. శోకము అక్కడనే మొదలగును. ఇంటిలోని స్త్రీలు ఎదురువచ్చి ఆమె మెడను కౌగిలించుకొందురు. ఆమె ముందుగ అడుగునది ఎట్లు పోయినాడని కాదు. ‘ఏమన్నాడు? నన్ను అడిగినాడా?’ యని. అంతకుముందే అలసి యూరకున్నవారు ఆ ప్రశ్నకు సమాధానముగ కడపటి గడియలను మఱల మొదటినుండి ఏకరువు పెట్టుదురు. ఇట్లు దూరపు బంధువు వచ్చిన ప్రతిసారియు కథ క్రొత్తగ ఆరంభమగుచుండును. సాయంకాలమునకు ఆ మృతుని బ్రదుకు పలువురి నోట, పలు తెఱగుల, పలుమార్లు చెప్పబడి యుండును. సంతాపసభలో ఒక్కరు చేయు ప్రసంగమునకు ఈ పరిపూర్ణత రాదు.

రామాయణమున అయోధ్యాకాండము 72వ సర్గను ఎఱిగినవారికి ఈ సన్నివేశము క్రొత్తది కాదు. కేకయమునుండి వచ్చిన భరతునికి దూతలు దశరథుని మరణమును చెప్పలేదు. అతడు దారి పొడుగున శంకించుచు వచ్చి, తండ్రి గృహమున తండ్రిని కానక, తల్లి యింటికి పోయి అడుగును. విషయము తెలిసినపిమ్మట అతడు తలచుకొనునది దశరథుని దిగ్విజయములను కాదు, దేవాసురయుద్ధమునను కాదు. తాను దుమ్ము కొట్టుకొని వచ్చినపుడెల్ల ఒడలు తుడిచిన తండ్రి చేయి ఏదీ యని అడుగును. ఆ చేతి స్పర్శ ఎంత హాయిగ నుండెడిదో చెప్పును. పిదప తండ్రి కడపట ఏమనెనని తల్లిని ప్రశ్నించును. చక్రవర్తిని గూర్చిన శోకమున వాల్మీకి ఒక్క క్షణము కిరీటమును ప్రక్కన బెట్టి బిడ్డ దుమ్ము తుడుచు గృహస్థుని నిలిపెను. ఎఱ్ఱదుమ్ము, నల్లరేగడి దుమ్ము ఎఱిగిన సీమలో ఈ ఘట్టమునకు వ్యాఖ్య అక్కఱలేదు. పొలమునుండి వచ్చిన తండ్రి పైగుడ్డతో ముందు బిడ్డ మొగము తుడిచి పిదప తన మొగము తుడుచుకొనుట ప్రతి కూతురి శోకమునను ఏదో రూపమున వినబడును.

అలంకారశాస్త్రమున ప్రసిద్ధికెక్కిన చేయి మాత్రము ఇది కాదు. భారతము స్త్రీపర్వమున భూరిశ్రవసుని భార్యలు తెగిపడిన భర్త బాహువును గైకొని విలపింతురు. ఆ చేయి చేసిన శృంగారచేష్టలు ఒకవంక, శత్రువధ, గోదానాదులు మఱొకవంక వారి నోట వచ్చును. మమ్మటుడు కావ్యప్రకాశము 5వ ఉల్లాసమున గుణీభూతవ్యంగ్యమునకు, శృంగారము కరుణమునకు అంగమగుటకు దీనినే ఉదాహరించెను. అప్పటినుండి కరుణాంగత్వమనగానే విద్యార్థికి స్ఫురించునది ఆ శ్లోకమే. భరతుడు తలచిన చేతికి ఆ భాగ్యము పట్టలేదు. కారణము ఊహింపదగినదే. మొదటి చేతియందు శృంగార, వీర, దానములు మూడును కూడియున్నవి. లక్షణకారునికి చెప్పుటకు చాల కలదు. రెండవ చేతియందు దుమ్ము తుడుచుట తప్ప మఱేమియు లేదు. దానిని ఏ రసమునకు అంగముగ చెప్పవలెను? వాత్సల్యమును రసముగ నంగీకరించినవారిలో విశ్వనాథు డొకడు. కరుణమున స్మృతిని చేర్చినవాడును ఆయనయే. ఇది యాదృచ్ఛికమైనను కావచ్చును. కాని ఇంటిలోని ప్రేమకు రసత్వము నిచ్చినవానికి ఇంటిలోని జ్ఞాపకము విలువయు తెలిసియుండుట వింత కాదు.

కాళిదాసు రఘువంశము 8వ సర్గలోని అజవిలాపమున గృహజీవనస్మరణము కలదు గదా యని ఆక్షేపింపవచ్చును. కలదు. అజుడు ఇందుమతిని గృహిణిగ, మంత్రిగ, సఖిగ, కళలయందు శిష్యురాలిగ తలచుకొనును. ఐతే అచట మృతురాలు భార్య. పురుషుడు మృతుడైనపుడు కావ్యములు వాని పౌరుషమును స్మరించినంతగ వాని గృహస్థత్వమును స్మరింపలేదు. తార వాలికొఱకును, మండోదరి రావణునికొఱకును చేసిన విలాపములలో ఇంటిమాట కొంత కలసియున్నను యుద్ధభూమి దానిని కప్పివేయుచున్నది.

ఆ సీమ శిలలను చూచినను ఇదియే కనబడును. తెనుగు వాక్యము మొట్టమొదట ఱాతికెక్కినది కడప జిల్లాలోనే. రేనాటి చోడుల కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు శాసనములు 6వ శతాబ్ది ఉత్తరార్ధమునకు చెందినవి. జమ్మలమడుగు సమీపమున పెన్నయొడ్డుననున్న దానవులపాడు జైనక్షేత్రమున రాష్ట్రకూట సేనాపతి శ్రీవిజయుని స్మరించు స్తంభశాసనము కలదు. శ్రీశైలమున అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపము శివునికై తలలర్పించిన వీరుల స్థానము. పశువులను కాపాడుచు, ఊరిని కాపాడుచు పడినవారి వీరగల్లులు పొలములలోను, ఊరి పొలిమేరలలోను నేటికిని నిలిచి, కొన్ని దేవతలై పూజలందుకొనుచున్నవి. ఆ శిలలపై నున్నవాడు కత్తి పట్టినవాడు, లేదా ప్రాణము నర్పించినవాడు. శాసనము వానిని ప్రథమపురుషలో చెప్పును. పేరు చెప్పును, బిరుదు చెప్పును, కార్యము చెప్పును. వాని యిల్లు చెప్పదు. శోకోక్తి దీనికి సరిగ ఎదురు. అది మధ్యమపురుషలో మాటలాడును, ఇల్లంతయు చెప్పును, పేరు మాత్రము చెప్పదు. మంచమున పడి తన యింటనే కన్నుమూసిన రైతుకు ఱాయి నిలిపినను అది బేతంచెర్ల నాపబండయే. పొలము గట్టున వేపచెట్టు క్రింద సమాధి, దానిపై బండ. దానిమీద వ్రాత ఉండుట ఇటీవలి యలవాటు.

ధర్మశాస్త్రము ఈ ఏడుపును మెచ్చుకొనలేదు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయము ఆశౌచప్రకరణముతో మొదలగును. బంధువులు విడిచిన కన్నీరును శ్లేష్మమును ప్రేతము వశము దప్పి అనుభవింపవలసి వచ్చునుగాన ఏడ్వరాదని అచట విధి. స్నానము చేసినవారిని మెత్తని పచ్చికమీద కూర్చుండబెట్టి పెద్దలు పాత ఇతిహాసములు చెప్పి దుఃఖమును మాన్పవలెనని కూడ అచటనే కలదు. విజ్ఞానేశ్వరుని మితాక్షర వలనను, దానిని తెనిగించిన కేతన వలనను ఈ విధి తెలుగుదేశమున తెలియనిది కాదు. వైశాఖమాసమున కోయిలకుంట్ల ప్రాంతమున మెత్తని పచ్చికను ఎచట వెదకవలెనో శాస్త్రకారుడు చెప్పలేదు. మఱొక విధి మాత్రము ఆ సీమకు చక్కగ సరిపోయినది. ఇంటి ద్వారముకడ వేపాకు కొఱికి లోనికి రావలెనని అదే ప్రకరణము చెప్పును. వేపకు కొదువ లేదు. ఇట్లు లోకము శాస్త్రమునందలి వేపాకును గైకొని మౌనమును విడిచినది. ఐతే విడిచినట్టి లోకమును శాస్త్రవిరోధియని తేల్చివేయుటయు తొందరపాటు. ఇతిహాసము చెప్పవలెనని శాస్త్రమే విధించెను. స్త్రీలు చెప్పుచున్నదియు ఒక ఇతిహాసమే, ఆ యింటి ఇతిహాసము. సాహిత్యదర్పణకారుడు కరుణమున దైవనిందను అనుభావముగ చెప్పెను గదా. అదియును ఇచట సమృద్ధిగనే కలదు. వేళకు వాన పంపని దేవుడు వేళ గాకుండ మనిషిని కొంపోయినాడను మాటలో వానయు, దేవుడును, మనిషియు ఒక్కచోట చేరుదురు.

శోకములో పొగడ్తయే యుండుననుకొనుట పొరపాటు. అందు నిష్ఠురము కలదు. తాగి పాడుచేసుకొన్న కాలము, అప్పుచేసి చెప్పక దాచిన సంగతి, బోరుబావి వెంట బోరుబావి వేసి పొలము పోగొట్టుకొన్న మొండితనము భార్య నోట వచ్చును. అన్నదమ్ముల భాగపంపకములో జరిగిన అన్యాయమును ఆ యన్నదమ్ములు వినుచుండగనే ఆమె పలుకును. ఎవరికెంత చేబదులిచ్చినది, ఎవరు తిరిగి ఇయ్యనిది, చివరి జబ్బులో ఎవరు తొంగి చూడనిది అన్నియు అందు చేరును. మఱునాడు అదే మాటను మామూలు గొంతుతో అనిన యెడల తగవగును. ఏడుపులో అనిన మాటకు ఎదురు చెప్పుట మర్యాద కాదు. నోరెత్తరాని కోడలికి ఊరందఱి యెదుట మాటలాడు అవకాశము అదొక్కటియే యైన కాలము చిరకాలము నడచినది. ఇందుచేత శోకోక్తి సాక్ష్యము కూడ నగుచున్నది. మృతుడు లోపములతోడి మనుష్యుడుగ స్మరింపబడుటయు, ఆ లోపములతోడనే ప్రీతిపాత్రుడగుటయు ఇందలి విశేషము. పత్రికలలో వచ్చు శ్రద్ధాంజలి ప్రకటనలో అందఱు మృతులు ఒక్కటే మనిషివలె కనబడుట ఎల్లరు ఎఱిగినదే.

ఏడుపు సామూహికమగు మఱొక సందర్భమును విడువరాదు. కడప, కర్నూలు పల్లెలలో పీర్ల పండుగ ముస్లిములది మాత్రమే కాదు. హిందువులును పీర్లను మోయుదురు, మ్రొక్కుదురు, తెలుగున పాటలు పాడుదురు. కర్బలాలో దప్పికతో మడిసిన హుస్సేను కుటుంబమును తలచు ఆ పాటలలో నీరు ప్రధానవస్తువు. దప్పిగొన్న బిడ్డలకు నీరు తేలేకపోయిన యింటివారి వేదన ఆ సీమవారికి పరాయి కథ కాదు. ముస్లిము కుటుంబములలో మృతునికి నలువదవనాడు జరుపు ఫాతెహాకు ఇరుగుపొరుగు హిందువులు పోవుటయు, వారు వీరి దినములకు వచ్చుటయు సామాన్యము.

చదువుకొన్న కుటుంబములలో ఈ స్మరణము నోటినుండి వ్రాతకు మారును. ఆ సీమలో ఎల్లరెఱిగిన నిదర్శనము పుట్టపర్తి నారాయణాచార్యులది. 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో పుట్టి, ప్రొద్దుటూరు, కడపలలో జీవించి, 1990 సెప్టెంబరు 1న కన్నుమూసిన ఆ మహాకవిని లోకము శివతాండవకర్తగ, బహుభాషావేత్తగ, తాను వ్రాసిన పెనుగొండలక్ష్మి తన విద్వాన్ పరీక్షకే పాఠ్యమైనవానిగ తలచుకొనును. ఇవి ఒక విధమున ఱాతిపైని మాటలు. బిరుదు, కృతి, కీర్తి. ఆయన భార్య కనకమ్మయు కవయిత్రి. కుమార్తె నాగపద్మిని రచయిత్రియై తండ్రిని గూర్చి వ్రాసినది. విమర్శకులు వ్రాసిన పుట్టపర్తికిని, బిడ్డ వ్రాసిన తండ్రికిని తేడా యుండుట సహజము. మొదటిది లేకున్న సాహిత్యచరిత్రకు లోటు. రెండవది లేకున్న లోటని చరిత్రకారునికి తోచనైనను తోచదు. ఐతే వ్రాయగల బిడ్డలు కలిగిన ఇండ్లు ఎన్ని? తక్కిన ఇండ్లలో ఆ పని చేసినది శోకోక్తియే.

అట్టి ఉక్తులు గ్రంథస్థము కాకపోవుటకు పరిశోధకుల ఉపేక్ష యొక్కటియే కారణము కాదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయములకును, తంగిరాల వేంకట సుబ్బారావు వీరగాథలకును చేసిన కృషి వలన ఆ వాఙ్మయమునకు విశ్వవిద్యాలయములలో స్థానము లభించినది. లాలిపాటను, సువ్విపాటను, వీరగాథను అడిగినచో పాడుదురు. శోకమును అడిగినచో పెట్టరు. చావు లేని యింట ఏడ్చుట అశుభము. ‘ఎవరికని ఏడ్వమంటావు?’ అని అవ్వ ఎదురు ప్రశ్న వేసినచో దానికి సమాధానము లేదు. చావైన యింటికి శబ్దగ్రాహకయంత్రముతో పోవుట మర్యాదకు విరుద్ధము. ఒకవేళ ఆ యింటివారే అనుమతించినను, అందలి నిష్ఠురములు, అప్పుల లెక్కలు, దాయాదుల పేరులు అచ్చున కెక్కింపదగునా యను ప్రశ్న మిగులును. కావున ఉన్న మార్గము ఒక్కటే. సంవత్సరీకము దాటినపిమ్మట, ఆ యింటి స్త్రీలు తమకు తామై మాటలాడ దలచినపుడు, రాగము లేకుండ, మాటగ చెప్పించుకొని వ్రాసికొనుట. రాగము పోవును. పిలుపు, జ్ఞాపకము, ప్రశ్న అను కట్టడి మాత్రము దక్కును. పేరులను మార్చి ప్రకటించుటయు అవసరమే.

ఆలస్యమైనకొలది ఆ పనియు కష్టమగుచున్నది. పట్టణములలో శవము ఇంట నుండు గడియలు తగ్గినవి. భజనబృందము వచ్చి మైకు పెట్టిన యెడల ఆడవారి గొంతు దానికి లోబడును. వీథి మొగన మృతుని నిలువెత్తు బొమ్మతో ఫ్లెక్సీ నిలుచును. దానిమీద పేరు, పుట్టిన తేది, గిట్టిన తేది యుండును. వీరగల్లుపై నున్నంత కూడ అందు ఉండదు. మూడవనాడు సమాధిపై పాలు పోయుట, పెద్దదినమున బట్టలు పెట్టుట, భాద్రపదమున పెద్దల అమావాస్యనాడు మృతునికి ఇష్టమైన వంటకమును చేసి పెట్టుట మాత్రము తప్పలేదు. ఏది ఇష్టమో జ్ఞప్తి యుంచుకొనవలసినది మరల ఆ యింటి ఆడవారే. సంగటిలోనికి ఏ పులుసు, ఏ పచ్చడి యను దానిలో కూడ వారు పొరబడరు.

పోయినవాని పేరు మనుమనికి పెట్టుకొనుట ఎల్ల తెలుగుదేశమునకు సామాన్యము. ఆ సీమలో దాని వలన కలుగు చిక్కును భాషాశాస్త్రజ్ఞులు గమనింపదగును. అవ్వ భర్త పేరు ఎత్తదు. కోడలు మామ పేరు ఎత్తదు. ఇంటిలో ఆ బిడ్డను పిలువవలసిన ఇద్దఱును ఆ పేరుతో పిలువలేరు. తిట్టవలసివచ్చినచో ఇంకను కష్టము. కావున బిడ్డ ‘అబ్బోడు’ అగును, ‘పెద్దాయన’ అగును, ‘నాయన’ అగును. రెండేండ్ల బిడ్డను ‘పెద్దాయనా, అన్నం తిందువు రా’ అని అవ్వ పిలుచుట వినవచ్చును. అసలు పేరు బడిలోని హాజరుపట్టీలో వ్రాయబడి, ఉదయమున పంతులు పిలిచినపుడు మాత్రము బిగ్గఱగ పలుకబడును.